వెనక బురుజు దగ్గర దుమ్ము

దుమ్మును ఎప్పుడూ పైనుంచి కిందికే దులపాలి. రాజ్యాలు కూలవచ్చు, నదులు దారి మార్చుకోవచ్చు, ఇచ్చిన మాటలు ఇచ్చిన నోటిలోనే ఎండిపోవచ్చు. ఈ ఒక్క నియమానికి మాత్రం మినహాయింపు లేదు. శిఖరం మీది జెండాతో ఆరంభించి, బురుజుల మీదుగా, ప్రాకారాల మీదుగా, మెట్టు మెట్టుగా కందకం దాకా దిగి రావాలి. కిందినుంచి పైకి ఎగబాకినవాడు ఎంతటి వీరుడైనా సరే, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ ఆయుష్షు వెళ్ళబుచ్చుతాడు. ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన బొమ్మకోటల విషయంలో ఈ సత్యాన్ని ఎవరి సాయమూ లేకుండా కనిపెట్టిన మహానుభావుడు, రాతి పలకలు కోసే కార్ఖానాలో మేస్త్రీ, ఆ మధ్యాహ్నం తన ఇంటి హాల్లో గాజు బీరువా ముందు పీట వేసుకుని, మెత్తటి కుంచె చేతబట్టి, ఫోను మోకాలి పక్కన నేల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఫోను మోగాలి. భార్య ఆసుపత్రి నుంచి చేస్తానంది. ఆమె తమ్ముడి ఛాతీకి తీసిన స్కానింగు ఫలితం ఇవాళ చెబుతారు. వాడి ఊపిరితిత్తుల్లోకి రాతిపొడి వెళ్ళిందా, వెళితే ఎంత లోపలికి వెళ్ళింది, వెళ్ళింది ఇక వాడితోనే ఉండిపోతుందా అన్నది ఒక డాక్టరు ఫిల్మును వెలుగుకు పట్టి చూసి తేల్చాలి. ఈలోగా జెండా తుడవాలి.

"మీరూ రండి" అంది పొద్దున భార్య. "ఇవాళ కోట శుభ్రం చేసే రోజు" అన్నాడు మేస్త్రీ. కోటకు అలాంటి రోజు ఒకటుందని అతనికి కూడా ఆ క్షణానే తెలిసింది. ఆమె చెప్పుల్లో కాలు పెట్టబోతూ ఆగి, "మీ కోట మీదికి ఏ శత్రువూ దండెత్తి రాడులెండి, ఒక్క పూట తలుపులు మూసి వస్తే కొంప మునగదు" అంది. గుమ్మంలో గోడకు ఆనుకుని ఊపిరి కూడదీసుకుంటున్న బావమరిది నవ్వాడు. "పోనీలే అక్కా. బావ కోటకి కాపలా ఉంటాడు, యుద్ధానికి మనం వెళ్దాం." మాటకూ మాటకూ మధ్య వాడి ఛాతీలోంచి సన్నటి ఈల వినిపించింది. ఆటో ఎక్కబోతూ వాడే మళ్ళీ వెనక్కి తిరిగి, "వెనక వైపు నువ్వు కష్టపడకు బావా, ముందు వైపు చేసుకో చాలు. వెనక నేనొచ్చి చూస్తాను" అన్నాడు. మర్యాదకు అన్నాడు కాబోలు. వాడికి మొదటినుంచీ మర్యాద ఎక్కువ. మర్యాద కాస్త తక్కువై ఉంటే, అడగవలసినవి కొన్ని అడిగి ఉండేవాడేమో. అయినా ఇప్పుడా సంగతి ఎందుకు, జెండా గుడ్డది, గోరంత ఉంటుంది, దాన్ని కుంచె కొసతో ఆ చివరినుంచి ఈ చివరికి ఒకే దిక్కుగా తాకాలి, ఎదురు తాకితే పోగు లేస్తుంది.

జెండా శుభ్రంగా ఉంది. కుంచె ఎంత తెల్లగా పోయిందో అంత తెల్లగా తిరిగి వచ్చింది. ముందు బురుజులూ అంతే, సింహద్వారం కూడా అంతే. దుమ్ము లేని చోట దుమ్ము దులపడంలో ఒక నిష్కామ వైభవం ఉంటుంది. మేస్త్రీ దాన్ని మౌనంగా అనుభవించాడు. ఉండదు మరి, దుమ్ము ఎలా ఉంటుంది, దుమ్మును దులపడం మధ్యమ విద్య, రాకుండా చూడడం ఉత్తమ విద్య, తాను రెండో దానిలో ఆరితేరినవాడు. బీరువా తలుపు అంచుల వెంట రబ్బరు పట్టీ అతికించింది ఎవరు? ఎండ తగిలితే తెల్ల ఇటుకలు పాతబడ్డ పళ్ళలా పసుపెక్కుతాయని, కిటికీ నుంచి మూల స్విచ్‌బోర్డు మీదికి కూడా వచ్చేంత వెడల్పున మందపాటి పరదా కుట్టించింది ఎవరు? అన్నిటికన్నా మించి, బీరువా వెనక చెక్కకు చిల్లి పెట్టించి, పాత కంప్యూటరులోంచి తీసిన చిన్న ఫ్యాను బిగించి, దానికి బయటి వైపు ఫిల్టరు డబ్బీలు తొడిగింది ఎవరు? వడగట్టిన గాలిని ఫ్యాను ఎప్పుడూ లోపలికి నెడుతూ ఉంటుంది. లోపలి గాలి సందుల్లోంచి బయటికి పోతూ ఉంటుంది. బయటికి పోయే గాలికి ఎదురీది లోపలికి రావడం దుమ్ము తరం కాదు. వచ్చిన చుట్టాలందరికీ, ఎదురింటి దర్జీకి, కరెంటు మీటరు చూడడానికి వచ్చిన మనిషికి కూడా మేస్త్రీ ఈ సిద్ధాంతాన్ని వివరించాడు. చివర్లో వాళ్ళను బీరువాకు చెవి ఆనించమనేవాడు. "చప్పుడు వినపడుతోందా?" "లేదండీ." "అదీ పనితనం." వాళ్ళు తల ఊపేవాళ్ళు. కాఫీ వచ్చేదాకా ఎవరైనా దేనికైనా తల ఊపుతారు.

ఈ కోట ఇంటికి వచ్చింది కూడా ఒక వంటింటి పుణ్యమా అనే. పెద్ద ఇల్లు, వంటగట్టుకు నల్ల పలక బిగించడానికి మేస్త్రీ, బావమరిది వెళ్ళారు. ఆ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళై, అటక మీది సామాను పారేస్తున్నారు. ఒక పెట్టె నిండా ప్లాస్టిక్ ఇటుకలు, మీద బుడిపెలు, కింద గుంటలు. మేస్త్రీ ఒకదాని బుడిపెల మీద ఇంకోదాన్ని పెట్టి నొక్కాడు. టిక్కుమంది. అంతే. కొలవలేదు, గీత గీయలేదు, కోయలేదు, అరగదీయలేదు, ఒక్క రవ్వ పొడి రాలలేదు; రెండూ పుట్టినప్పటినుంచీ ఒకటే అన్నట్టు అతుక్కుపోయాయి. జీవితమంతా రాతిని కోసిన మనిషికి ఆ టిక్కు ఎంత లోతుకు వెళ్ళిందో చెప్పడం కష్టం. గట్టు బిగించి తిరిగి వస్తుంటే బావమరిది పెట్టె నెత్తిన పెట్టుకుని, "ఇల్లు కట్టిస్తావనుకుంటే కోటే కట్టిస్తున్నావు బావా, అక్క అదృష్టం" అన్నాడు. అప్పుడు వాడికి ఈల లేదు. నెత్తిన పెట్టెతో మేడ మెట్లు ఎక్కుతూ కూడా మాట్లాడేవాడు, పాడేవాడు, ఆపమన్నా ఆపేవాడు కాదు.

కుంచె వెనక బురుజు మీదికి వచ్చింది. వచ్చి, ఆగింది. కొసన బూడిదరంగు.

మేస్త్రీ కుంచెను వెలుగుకు పట్టి చూశాడు, తరవాత వేలితో తాకాడు, తరవాత అప్పటిదాకా నమ్మనివాడు అప్పుడు నమ్ముతాడన్నట్టు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. దుమ్ము. మామూలు ఇంటి దుమ్ము. బుడిపెల మధ్య సందుల్లో, వాకిళ్ళ కింద, కిటికీ చువ్వల మీద, మెత్తగా, తీరుబడిగా, అద్దె కట్టి కాపురం ఉంటున్నట్టు కూర్చుని ఉంది. ముందు బురుజుల మీద లేదు, వెనక బురుజు మీద ఉంది. ఎలా వచ్చింది? ఏ దారిన వచ్చింది? కోటలోకి శత్రువు ప్రవేశించాడని వేగు వచ్చినప్పుడు ఏలిక గుండె ఎలా దడదడలాడుతుందో మేస్త్రీకి ఆ క్షణంలో తెలిసింది. ఫోను వైపు చూశాడు. మోగలేదు. ఆ దడ ఈ దుమ్ము కోసమే అనుకోవడం సుఖంగా ఉంది, అలాగే అనుకున్నాడు.

రబ్బరు బుడ్డి తీశాడు. కెమెరాల వాళ్ళు అద్దాల మీద గాలి కొట్టుకునేది. నొక్కితే ఎలుకలా కీచుమని, మూతిలోంచి గాలి తోస్తుంది. నోటితో ఊదకూడదు, నోటి గాలిలో తేమ ఉంటుంది, తుంపర ఉంటుంది, అది పడిన చోట దుమ్ము గారలా గట్టిపడుతుంది. పొడిగుడ్డ అసలే పనికిరాదు. పొడిగా రుద్దేకొద్దీ ప్లాస్టిక్కుకు ఏదో విద్యుత్తు పుట్టి, తన దారిన తాను పోతున్న దుమ్మును కూడా పిలిచి పీట వేస్తుంది. తడిగుడ్డ కావాలి, నీళ్ళు పిండేసినదై ఉండాలి. మరీ మురికి పడితే విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడగాలి, వేడినీళ్ళు తగిలితే ఇటుక వంగిపోతుంది, వంగింది మళ్ళీ టిక్కుమనదు. ఎక్కడైనా, ఎప్పుడైనా, దుమ్ముకు విరుగుడు తడే. ఈ మాటను కూడా మేస్త్రీ చుట్టాలకు చెప్పాడు, దర్జీకి చెప్పాడు, కరెంటు మీటరు మనిషికి చెప్పాడు. కార్ఖానాలో చెప్పలేదు.

కార్ఖానాలో నీటి గొట్టం ఉంది. లేదని ఎవరూ అనలేరు. బ్లేడు మీద సన్నటి ధార పడుతూ ఉంటే రాతిపొడి లేవదు, పాలబురదై కిందికి జారుతుంది. కానీ ఆ బురద కింద పెన్సిలు గీత కనపడదు. సింకు కూర్చునే చోట గుండ్రంగా తిప్పి కోయవలసిన కోత వెంట్రుకవాసి గీత దాటినా పలకంతా దండగ. "గీత కనపడాలి. నీళ్ళు కట్టెయ్" అనేవాడు మేస్త్రీ. సింకు కోతలన్నీ బావమరిదివే, వాడి చెయ్యి వణకదు. వాడు నీళ్ళు కట్టేసి వంగి కోసేవాడు, లేచిన పొడి వాడి ముఖం చుట్టూ వెలుగులా నిలిచేది, మధ్యాహ్నానికి కనురెప్పలూ మీసమూ తెల్లబడి, ముప్పైలోనే ముసలివాడై అన్నం డబ్బా విప్పుకునేవాడు. సాయంత్రం అందరూ గాలి గొట్టం పట్టుకుని ఒకరి వీపు మీద ఒకరు కొట్టుకుని ఆ పొడి దులుపుకునేవాళ్ళు, పండు వెన్నెల కురిసినట్టుండేది లోపలంతా. మేస్త్రీ గది మాత్రం గాజుది. తలుపు బిగుతుగా పడుతుంది. అందులో కూర్చుని చూస్తే, బయట తెల్లటి మనుషులు, ఇంకా రంగు వేయని బొమ్మల్లా, చప్పుడు లేకుండా కదులుతూ ఉండేవాళ్ళు. ఆ గదిని రోజూ తుడిచేవాళ్ళు. బల్ల మీద వేలు పెడితే వేలు శుభ్రంగా వచ్చేది.

మొదట దగ్గు అనుకున్నారు. చలికాలానికి ముందు ఈల మొదలైంది. కుర్రాళ్ళు వాడికి ఈలగాడని పేరు పెట్టారు. "ఈలగాడొచ్చాడ్రోయ్, మిషను ఆపండి, పాట విందాం." వాడూ నవ్వేవాడు, "టిక్కెట్టు తీసుకున్నవాళ్ళే వినాలి" అనేవాడు, నవ్వు ఈలగా మారి, ఈల దగ్గుగా మారి, వాడు పలకల దొంతి పట్టుకుని వంగిపోయేవాడు. మేస్త్రీ కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే ఒక్కడు నవ్వకపోతే బాగుండదు. ఇంట్లో మాత్రం ఒక కట్టుబాటు పెట్టాడు: ముందు స్నానం, తరవాతే హాలు. వాడు పెరటి దారిన వచ్చి, బట్టలు బయటే తడిపి, ఒళ్ళు రుద్దుకుని, అప్పుడు లోపలికి వచ్చేవాడు. "ఎందుకురా అంత చలిలో" అని అక్క అంటే, "కోట గాలి పాడవుతుంది అక్కా" అనేవాడు. దగ్గు వస్తే లేచి వరండాలోకి వెళ్ళేవాడు. ఎవరు చెప్పారు వెళ్ళమని? మేస్త్రీ చెప్పలేదు. ఒకసారి ఎప్పుడో బీరువా తలుపు తెరిచి ఉండగా వాడు దగ్గితే, ఇటు తిరిగి చూశాడు, అంతే. చూడడం కూడా తప్పేనా.

బుడ్డి కీచుమంది. వెనక బురుజు మీదినుంచి పలచటి పొర లేచి, గాల్లో కాస్త తిరిగి, ప్రాకారం మీద పడింది. ఇది కొత్త దుమ్ము కాదు, నెలల దుమ్ము. నెలల తరబడి లోపలికి వస్తూనే ఉందన్నమాట. మేస్త్రీ తలుపుల రబ్బరు పట్టీని ఈ చివరినుంచి ఆ చివరిదాకా వేలితో నొక్కుకుంటూ వెళ్ళాడు. ఎక్కడా ఊడలేదు. అయితే ఫిల్టర్లు. నిండిపోయి ఉంటాయి. నిండిపోయిన ఫిల్టరు మూసుకున్న ముక్కు లాంటిది, మార్చాలి. మార్చడానికి కొత్తవి ఉన్నాయి, కార్ఖానాలో తన గదిలో ఇనప బీరువాలో, అట్టపెట్టెలో.

ఆ అట్టపెట్టె సంగతి వేరు. రబ్బరు మాస్కులు, ఒక్కొక్కదానికి రెండు బుగ్గల మీద రెండు గుండ్రటి ఫిల్టరు డబ్బీలు, యజమాని తెప్పించినవి. తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు అందరూ తొడుక్కుని వరసగా నిలబడి ఫొటో దిగారు. అందరూ ఒకే పోలికలో, ఏ పురుగుల రాజ్యం నుంచో వచ్చిన రాయబారుల్లా ఉన్నారు. తరవాత మాస్కులు మేస్త్రీ గదిలోని ఇనప బీరువాలోకి వెళ్ళాయి. ఇస్తే పోగొట్టుకుంటారు, పెట్టుకుంటే మాట వినపడదు, చెమట పోస్తుంది, బీడీ కాల్చుకోవడానికి ఉండదు, గడ్డం ఉన్నవాళ్ళకు బిగవదు. అడిగితే ఇద్దామనే. ఎవరు అడిగారు? బావమరిది మాత్రం ఫొటో రోజునే ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు, మొదట్లో ఒకటి రెండు రోజులు దాన్నే పెట్టుకుని పనిచేశాడు కూడా. బీరువాకు ఫ్యాను బిగించిన ఆదివారం ఆ మాస్కు మేకుకు వేలాడుతూ ఉంది. చిల్లి పెట్టింది వాడే, ఫ్యాను కూర్చోబెట్టింది వాడే. వాడే అన్నాడు, "నావి తీసుకో బావా, నాకు దాంతో ఊపిరాడదు" అని, మాస్కు తీసి, రెండు డబ్బీలూ మర తిప్పి విప్పి, చేతిలో పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. టిక్కు అన్నాయి. "ఇప్పుడు నీ కోట ఊపిరి పీలుస్తుంది" అన్నాడు. వాడే ఇచ్చాడు, తాను అడగలేదు. ఏ న్యాయస్థానంలోనైనా మేస్త్రీ ఈ మాట చెప్పగలడు. తన లోపల కొలువుతీరిన న్యాయస్థానంలో ఎన్నిసార్లు చెప్పాడో. అయితే ఆ కొలువులో ఒక ముసలి గుమాస్తా ఉన్నాడు, వాడి నోరు మూయించడం కష్టం. వాడు ప్రతిసారీ లేచి అడుగుతాడు: అయ్యా, తమరు దానికి ముందు ఏమన్నారు? ఏమన్నాను? మేకు వైపు చూస్తూ, "ఇలాంటిది ఒకటుంటే గాలి వడగట్టడానికి బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాను. అంటే? అంటే ఏముంది, మెచ్చుకున్నాను. ఒక వస్తువును మెచ్చుకుంటే అడిగినట్టా?

తరవాత తనిఖీకి వాడు డబ్బీలు లేని మాస్కే తొడుక్కుని నిలబడ్డాడు. బుగ్గలకు చిల్లులు. ఫొటోలో కనపడకుండా తల కాస్త వంచమని చెప్పింది మేస్త్రీయే. "గాలి బ్రహ్మాండంగా ఆడుతోంది బావా" అన్నాడు వాడు, చిల్లుల్లోంచి. దానికీ నవ్వారు. కొత్త డబ్బీలు ఇనప బీరువాలో ఉన్నాయని, తాళంచెవి మేస్త్రీ మొలతాడుకు ఉందని ఇద్దరికీ తెలుసు. వాడు ఒకసారి అడిగాడు. అడగలేదని ఇంతకుముందు మేస్త్రీ అనుకున్నాడు కదా. లేదు, అడిగాడు, ఒకసారి, పలక దింపుతూ. "పెట్టె విప్పితే అందరూ అడుగుతారు, తనిఖీ అయ్యాక చూద్దాం" అన్నాడు మేస్త్రీ. వాడు మళ్ళీ అడగలేదు. మర్యాద.

పోయిన నెల డాక్టరు దగ్గరికి మేస్త్రీయే తీసుకువెళ్ళాడు. డాక్టరు చెవుల్లో గొట్టాలు పెట్టుకుని వాడి వీపు మీద చోటు మార్చి మార్చి విన్నాడు, ఎక్కడో దూరపు స్టేషనులో రైలు కూత వింటున్నట్టు. "ఎక్కడ పని?" అన్నాడు. వాడు చెప్పాడు. "మాస్కులు ఇస్తారా?" మేస్త్రీ ఆ గదిలో గోడకున్న గుండె బొమ్మను శ్రద్ధగా చదవసాగాడు. "ఇస్తారండీ. మా బావే ఇస్తాడు. మేమే పెట్టుకోం, వెధవ బద్ధకం" అన్నాడు వాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. డాక్టరు మేస్త్రీ వైపు తిరిగి, "చూశారా, ఇచ్చినా ఇంతే" అన్నాడు. మేస్త్రీ తల ఊపాడు. కాఫీ కూడా లేదు అక్కడ, అయినా ఊపాడు. బయటికి వచ్చాక ఇద్దరూ చెట్టు నీడలో నిలబడ్డారు. ఏదో ఒకటి అనాలి. "స్కానింగుకి ఏమీ తినకుండా రమ్మన్నారు, గుర్తుంచుకో" అన్నాడు మేస్త్రీ. ఇవాళ ఫలితం చెప్పేటప్పుడు డాక్టరు అదే ప్రశ్న మళ్ళీ అడుగుతాడు. పక్కన బావ ఉండడు, అక్క ఉంటుంది. అక్క ముందు వాడు అబద్ధం ఆడలేడు. చిన్నప్పుడు ఎత్తుకుని పెంచింది. అందుకే, పొద్దున నిద్రలేవగానే, మేస్త్రీకి కోట శుభ్రం చేసే రోజు గుర్తొచ్చింది.

ఫోను మోగలేదు. మేస్త్రీ పీట మీదినుంచి లేచి, బీరువాను ఒక పక్కనుంచి మెల్లగా గోడ దగ్గరనుంచి జరిపి, వెనక్కి తల పెట్టాడు. సాలెగూడు ముఖానికి తగిలింది. డబ్బీల మర తిప్పాడు, తేలిగ్గా వచ్చాయి. నల్లబడి ఉంటాయని గుడ్డ పరిచి ఉంచుకున్నాడు. గుడ్డ మీద పెట్టి చూశాడు.

పాలలా తెల్లగా ఉన్నాయి. అట్టపెట్టెలోంచి ఇవాళే తీసినట్టు, మేకుకు వేలాడిన మాస్కు మీదినుంచి ఇప్పుడే విప్పినట్టు. ఒక్క క్షణం మేస్త్రీ ఛాతీ నిండుగా ఊపిరి పీల్చాడు: తన ఇంటి గాలి ఇంత నిర్మలమా! ఏళ్ళ తరబడి పీల్చినా ఫిల్టరు మాసిపోనంత పవిత్రమైన గృహమా! ఆ తరవాతి క్షణం బుద్ధి వచ్చింది. గాలి వెళ్ళిన ఫిల్టరు ఇలా ఉండదు. తీగ పట్టుకుని దాని వెంట వెళ్ళాడు. బీరువా వెనకనుంచి, గోడ అంచున, పరదా కిందినుంచి మూలకు. స్విచ్‌బోర్డులో ఉన్న ప్లగ్గు ఇస్త్రీపెట్టెది. ఫ్యాను ప్లగ్గు నేల మీద ఉంది, దాని ఇత్తడి పళ్ళ మీద దుమ్ము దట్టంగా పేరుకుని ఉంది, వెనక బురుజు మీద ఉన్నదానికన్నా దట్టంగా. చప్పుడు వినపడుతోందా? లేదండీ. అదీ పనితనం.

అప్పుడు ఫోను మోగింది.

"రాయిలా గట్టిపడ్డాయిట" అంది భార్య.

"ఏవి?" అన్నాడు, తెలిసే.

"ఏవేమిటి? రెండూ. ఫిల్ము నాకు కూడా చూపించారు. నల్లగా ఉండాలిట. మనవాడిది తెల్లగా ఉంది, పిండి చల్లినట్టు. ఇక పోయేది కాదుట, పెరక్కుండా చూసుకోవడమేట, అది కూడా మన చేతిలో లేదుట. మళ్ళీ ఆ పొడిలోకి అడుగు పెట్టకూడదుట. ముందు ముందు ఇంట్లో గాలి సిలిండరు పెట్టుకోవాలిట." ఆమె ఏడవడం లేదు. బజారు నుంచి తేవలసిన సరుకులు గుర్తుపెట్టుకుంటున్నట్టు చెబుతోంది. "మాస్కులు ఇచ్చేవాళ్ళా అని అడిగారు."

"ఊఁ."

"ఇచ్చేవాళ్ళన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు."

మేస్త్రీ చేతిలో ప్లగ్గు ఉంది. అనవలసిన మాటలు చాలా ఉన్నాయి, అవన్నీ వరసలో నిలబడి, ఒకదాన్నొకటి ముందుకు తోసుకున్నాయి, తీరా ముందుకు వచ్చి పడింది మాత్రం ఇది: "బీరువా ఫ్యాను ప్లగ్గు తీసేసి ఉంది."

అవతల కాసేపు మనుషుల రద్దీ, చక్రాల మంచం దొర్లిన చప్పుడు. "నేను మీకేం చెబుతున్నాను, మీరు నాకేం చెబుతున్నారు?" అంది భార్య. తరవాత ఫోను చేతులు మారింది, మాటకన్నా ముందు ఈల వచ్చింది.

"అక్కని ఏమీ అనకు బావా. ఇస్త్రీపెట్టె కోసం తీసింది, బిగించిన వారంలోనే. నీకు చెబితే ఇల్లు పీకి పందిరేస్తావని నేనే చెప్పద్దన్నాను."

"మరి ఇన్నాళ్ళూ దుమ్ము..."

"నేనే. ఆదివారం మధ్యాహ్నం నువ్వు కునుకు తీసినప్పుడు. ఊదేసి, కింద పడింది తడిగుడ్డతో ఎత్తేసేవాణ్ణి." ఈల. "బుడ్డితో కొడితే కీచుమంటుంది, నువ్వు లేస్తావు. నోటితోనే." ఈల, ఇంకాస్త పొడుగ్గా. "చలికాలం నుంచి వెనక బురుజు దాకా అందట్లేదు బావా. ఊపిరి దారిలోనే అయిపోతోంది. అక్కడ కాస్త పేరుకుని ఉంటుంది, చూసే ఉంటావు. ఏమనుకోకు. వచ్చాక చూస్తాను."

మేస్త్రీ నోరు తెరిచాడు. గాలి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది, అడ్డేమీ తగల్లేదు. ఎంత సులువుగా వెళ్ళింది, ఎంత సులువుగా వచ్చింది, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గమనించాడా, గాజు గదిలో, తలుపు బిగించుకుని, బల్ల మీద వేలు పెట్టి చూసుకుంటూ. ఫోను మళ్ళీ చేతులు మారింది.

"ఆటో దొరికింది, వస్తున్నాం" అంది భార్య. "హాల్లో వాడు పడుకునే చోటు తుడిచి ఉంచండి. తడిగుడ్డతో. పొడిదానితో తుడవకండి, దుమ్ము లేస్తుంది."

ఫోను ఆగిపోయింది. హాలు నిశ్శబ్దంగా ఉంది, బీరువా ఎప్పట్లాగే అద్భుతమైన నిశ్శబ్దంతో ఉంది. వెనక బురుజు మీద బుడ్డి గాలికి లేచిన దుమ్ము ఒక పక్కకు చారగా పోయింది, మిగిలింది అలాగే ఉంది, పైనుంచి కిందికి ఎక్కడిది అక్కడే. గుడ్డ మీద రెండు తెల్ల డబ్బీలు పక్కపక్కనే, వాడు చేతిలో పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. వాళ్ళు వచ్చేలోగా ఏదో ఒకటి సరిచేయాలి, ఏదైనా సరే, చేతికి అందింది ఏదైనా సరే. మేస్త్రీ ప్లగ్గు పళ్ళను చొక్కా అంచుతో తుడిచి, మూలకు వెళ్ళి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకబోయి, చేతికి అడ్డం వస్తున్న పరదాను పక్కకు జరిపాడు. అదే బోర్డులో, దాని పక్కనే, రెండో పాయింటు ఖాళీగా ఉంది.